సాంచకు ఆనించిన కాలు

వందన హైదరాబాదు ల్యాబులో ఎముక కణాలను పెంచుతుంది. అవి గాజుపలకను ఎంత గట్టిగా పట్టుకుంటాయో, రోజూ కాసేపు సన్నగా ఊపితే ఆ పట్టు ఎంత పెరుగుతుందో కొలవడం ఎనిమిదేళ్లుగా ఆమె పని.

సిరిసిల్లలో ఆమె తండ్రి పరశురాములుకు ఇంటి వెనక షెడ్డులో నాలుగు మరమగ్గాలున్నాయి. అక్కడ వాటిని సాంచలంటారు; అవి నడిస్తే షెడ్డంతా అదురుతుంది. వాటి మధ్యే నూనె మీద జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. రాడ్డు వేసి, రెండు నెలలు కాలు కదపొద్దన్నారు డాక్టర్లు. ఆయన కుమిలిపోతుంటే ధైర్యం చెబుదామని వందన ఫోన్ చేసింది.

"ఊపితే ఎముక కణాలు గట్టిగ పట్టుకుంటయి బాపూ. మా ల్యాబుల రోజు సూస్తున్న గదా."

నెలన్నర తర్వాత తల్లి మల్లవ్వ ఏడుస్తూ రమ్మంది. ఎక్స్‌రేలో రాడ్డు స్క్రూలు ఊడి, ఎముక పక్కకు జరిగి ఉంది. ఆ కాలు ఇక బరువు మోయదన్నారు.

"ఎట్లయ్యిందమ్మా?"

"మంచం షెడ్డులకు ఏయించుకున్నడు. నడిచే సాంచకు కాలు ఆనిచ్చి పండుకునేటోడు. వద్దంటె, నా బిడ్డ సైంటిస్టు, నీకేం తెలుసని కసిరిండు."

వందన పలకలు రోజుకు ఇరవై నిమిషాలే ఊగుతాయి. పరిశోధన పత్రాల్లో సెకన్లతో సహా రాసే మనిషి, తండ్రికి ఆ ముక్క చెప్పలేదు. మంచం పక్కన కూర్చుని ఏడ్చింది.

ఆయనే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఏడువకు బిడ్డా. నేనేం తక్వ చెయ్యలే. బువ్వ తినేటప్పుడు గూడ కాలు తియ్యలే."