కట్ట లోపలి నీళ్లు

1976 జూన్‌లో నన్ను బెజవాడకు ఎగువన, కొండకూ కృష్ణకూ మధ్య ఇరుక్కున్న ఒక చిన్న ఊరికి కరకట్ట సెక్షను జూనియర్ ఇంజినీరుగా వేశారు. ఊరి పేరు రాయను.

కరకట్ట అంటే నది ఊళ్లోకి రాకుండా పోసిన మట్టి గట్టు. కొండ మీద కురిసిన వాన వాగై ఊరి గుండా వచ్చి, ఆ గట్టు కింది తూములోంచి కృష్ణలో కలుస్తుంది. నది పొంగితే తూము షట్టరు దించుతాం. లేకపోతే నది నీరు వెనక్కి తన్ని ఊళ్లోకి వస్తుంది. అంతవరకూ సరే. షట్టరు దించాక కొండ నీళ్లు ఎటు పోవాలో మాత్రం ఎవరూ ఆలోచించలేదు. నీటిమట్టం చూసే గేజి నది వైపే ఉంది. వరద మ్యాపులో కట్ట లోపలి ఊరంతా రక్షిత ప్రాంతమని పచ్చరంగు పూశారు. ఊరి వైపు కూడా గేజి కావాలని జూలైలో రాస్తే, నా పైఅధికారి అయిన సబ్‌డివిజన్ ఆఫీసరు, కట్ట లోపల వరదేమిటని నవ్వి ఊరుకున్నారు.

ఆగస్టులో రెండో ప్రమాద హెచ్చరిక వచ్చింది. రూలు ప్రకారం షట్టరు దించాం. అదే పూట కొండ మీద వాన పట్టుకుంది.

కట్టను ఆనుకుని నేతపనివాళ్ల వీధి. వాళ్లవి గుంట మగ్గాలు. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తారు. అందుకని నీళ్లు గడప దాటకముందే మగ్గం గుంటలో ఊరతాయి. మర్నాడు పొద్దుటికే గుంటలన్నీ నిండి, మట్టిగోడలు నానుతున్నాయి. నాంచారమ్మ అనే నేతకత్తె సగం నేసిన పడుగు మగ్గం మీదే తడిసిపోయింది. ఆమె కట్ట మీదికొచ్చి నన్ను నిలదీసింది.

"ఏరు రాకుండా కట్ట కట్టామంటారు. మరి మమ్మల్ని ముంచేదెవరమ్మా, మీరేగా?"

డంపీ లెవెల్ బిగించాను. ఎక్కడి మట్టం ఎంతో తేల్చే పరికరమది. రెండు వైపులా చూశాను. రాత్రికి రాత్రే నదిలో వరద తీసింది. ఊరి నీళ్లు నది కంటే ముప్పై రెండు సెంటీమీటర్ల ఎత్తున ఉన్నాయి. షట్టరు ఎత్తితే వాటంతటవే పోతాయి.

పోస్టాఫీసు నుంచి సబ్‌డివిజన్ ఆఫీసరుకు ఫోన్ చేశాను. నేను చెప్పిన అంకెను ఆయన వినిపించుకోలేదు.

"హెచ్చరిక ఇంకా ఎత్తెయ్యలేదమ్మా. పైనుంచి ఆర్డరు వచ్చేదాకా ఆ షట్టరు ముట్టుకోకు. ఆడపిల్లవి, నీకెందుకీ తంటా?"

ఆర్డరు ఇవ్వాల్సిన ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు ఎవరో పెద్దమనిషి వెంట వరద చూపించడానికి తిరుగుతున్నారు. వరద లేనిచోట చూపిస్తున్నారు.

తిరిగొచ్చి లస్కరు వెంకన్నను షట్టరు ఎత్తమన్నాను. తూముకు కాపలా అతనే. నా మాటకు వెనక్కి తగ్గాడు.

"నా నౌకరీ పోతే మీ ఇంట్లో వంటకు పెట్టుకుంటారాండీ?"

"నీ వంట ఎవరు తింటారు గానీ, షట్టరు చక్రం తిప్పు. ఎత్తమన్నది నేనని రాసిస్తాను."

రాసిచ్చాను. తిప్పాడు. నదిని చూస్తూ నేను తూము మీదే నిలబడ్డాను. అది మళ్లీ పెరిగితే వెంటనే దించాలి. పెరగలేదు. సాయంత్రానికి వీధి బయటపడింది. గోడలు నిలిచాయి. పడుగులు ఒక్కటీ మిగల్లేదు.

తర్వాత ఆర్డరు లేకుండా ఎందుకు ఎత్తావని నన్ను సంజాయిషీ అడిగారు. ఎత్తకుండా కూర్చున్న వాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు. నాకు ఇంక్రిమెంటు ఆపి, వేరే సెక్షనుకు మార్చారు. కట్ట చెక్కుచెదరలేదని రిపోర్టు పోయింది. కట్ట తెగలేదు గనక వరద రానట్టేనట. వరద రాలేదు గనక నేతపనివాళ్లకు నష్టపరిహారం లేదట. ఆ వాక్యాలు రాసిన మనిషి ఆ వీధిలో అడుగు పెట్టనేలేదు. ఇన్నేళ్లయినా ఆ కోపం నాకు తగ్గలేదు, తగ్గాలని కూడా అనుకోవడం లేదు.

నేర్చుకున్నది ఇది. గేజి ఒక వైపే ఉంటే ప్రమాదం సగమే కనిపిస్తుంది. షట్టరు ఎప్పుడు మూయాలో రాసేవాళ్లు, ఎప్పుడు తెరవాలో, తెరిచే అధికారం తూము దగ్గర ఎవరికుందో కూడా ఆ ఆర్డరులోనే రాయాలి. అలా రాయని ఆర్డరు మీద ఆ తర్వాత నేనెక్కడా సంతకం పెట్టలేదు.