కవిగారి ఎనిమిది మజిలీలు

అప్పట్లో నాకు ఇరవై మూడేళ్ళు, ఒక డిగ్రీ, నాలుగు కాటన్ చీరలు, లోకం మీద బోలెడంత జాలి ఉండేవి. కవులంటే నాకో గట్టి అభిప్రాయం కూడా ఉండేది. వాళ్ళు మనలాగా ఇంట్లో కూర్చుని కాలిగోళ్ళు తీసుకోరు, ఉప్మాలో ఉప్పెక్కువైందని అలగరు, ఎప్పుడూ ఏదో ఒక బెంచీ మీద ఒంటరిగా కూర్చుని దూరంగా చూస్తుంటారు అనుకునేదాన్ని. (దూరంగా ఏం చూస్తారని మాత్రం ఆలోచించలేదు. మా నరసరావుపేటలో ఏ బెంచీ మీద కూర్చున్నా ఎదురుగా ఎరువుల కొట్టే కనిపిస్తుంది.) ఈ అభిప్రాయమే ఒక బుధవారం నాడు యాభై ఏళ్ళ కాపురం ఒకదాన్ని నడిబజార్లో నిలబెట్టింది.

నేనప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్ని, టెంపరరీ. మా కరస్పాండెంటుగారికి బజార్లో పెద్ద బట్టల కొట్టు కూడా ఉండేది. ఆయన మాట్లాడితే ప్రాస పడాల్సిందే, అందుకని స్టాఫ్ రూములో ఆయన్ని అందరం ‘ప్రాస సారు’ అనేవాళ్ళం. ఆయన ఎక్కడో పెద్ద నగరంలో బంధువుల పెళ్ళికెళ్ళి, అక్కడ ఒక వింత చూసొచ్చారు. ఊళ్ళో కవులు పుట్టిన ఇళ్ళు, తిరిగిన వీధులు అన్నీ ఒక కాగితం మీద వేసి ఇస్తారట. ఆ కాగితం చేత్తో పట్టుకుని ఎవరికి వాళ్ళే నడిచి చూసుకోవచ్చట.

“గైడుండడు, గోలుండదు, టీచరుగారూ! కాగితం పట్టాలి, కాలినడకన తిరగాలి, కవిత్వం తలకెక్కాలి. పల్నాడంటే అందరికీ కత్తులూ కోడిపుంజులే గుర్తొస్తన్నయ్. మనకీ ఒక కవి ఉన్నాడని చూపించొద్దా? ఎనిమిది చోట్లు రాయండి. మంచిగా వస్తే ఉగాదికి మిమ్మల్ని పర్మనెంటు చేసేస్తా.”

“ఎనిమిదా సార్?”

“తగ్గితే కాగితం వెనకవైపు ఖాళీగా ఉంటది.”

ఆయన చెప్పిన కవి మా ఊళ్ళో నిజంగానే ఉన్నాడు, అదీ నిక్షేపంగా బతికి. తాలూకాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దాయన. మూడు పద్యాల పుస్తకాలు సొంతంగా అచ్చేయించి, వచ్చిన ప్రతివాడికీ సంతకం పెట్టి ఇచ్చేవారు. ఊళ్ళో అందరికీ ఆయన కవి తాతగారే. నేను నోటుబుక్కూ పెన్నూ పట్టుకుని వాళ్ళింటికెళ్ళాను. మూడు గంటలు కూర్చున్నాను. అందులో రెండు గంటలు యతిప్రాసల గురించి, ఒక గంట గుమాస్తాలకు రావలసిన సెలవుల గురించి చెప్పారు. మజిలీల సంగతి మాత్రం కదలదు.

“మీరు ఎక్కడ కూర్చుని రాసేవారండీ?” అనడిగాను, గొంతులో భక్తి నింపుకుని.

“కుర్చీలో.”

“అది కాదండీ, మీకు ప్రేరణ ఎక్కడ దొరికేది?”

ఆయన కాసేపు ఆలోచించి, “కాగితమైతే ఆఫీసులో దొరికేదమ్మా” అన్నారు.

ఇంటికొచ్చి లెక్కేసుకుంటే నా చేతిలో మూడు చోట్లున్నాయి. ఆయన ఇల్లు, ఆయన ఆఫీసు, ఒకసారి సన్మానం జరిగిన గ్రంథాలయం వరండా. ఇంకా ఐదు కావాలి. రెండు రోజులు పెన్ను కొరికాను. మూడో రోజు నా మనసు నాకొక మాట చెప్పింది. ఇంత పెద్ద కవి ఎక్కడో ఒకచోట టీ తాగకుండా ఉంటాడా, రైలు చూడకుండా ఉంటాడా, పూలకొట్టు ముందు నుంచి పోకుండా ఉంటాడా? తాగే ఉంటాడు, చూసే ఉంటాడు, పోయే ఉంటాడు. ఉన్నదే కదా రాస్తున్నాను అనుకున్నాను. (అబద్ధం ఆడేవాళ్ళెవరూ అబద్ధం ఆడబోతున్నామనుకుని మొదలుపెట్టరని నాకప్పుడే తెలిసింది.) ఇక పెన్ను ఆగలేదు. కోర్టు ఎదురు టీ కొట్లో కవిగారు పదకొండు టీలు తాగి ఒక పద్యానికి నాలుగో పాదం సాధించారు. రైల్వే స్టేషను బెంచీ మీద ఆదివారం మధ్యాహ్నాలు కూర్చుని రైలు కూతలో ఛందస్సు వెతికారు. ఇక పూలబజారు దగ్గరికొచ్చేసరికి నాకే ఒళ్ళు తెలియలేదు. “ఇచ్చటనే, మల్లెలు కొనుచున్న నీలిచీర యువతినొకతెను గాంచి, కవిగారు తమ తొలి ప్రణయ పద్యమును ఆశువుగా పలికిరి” అని రాశాను. రాసి, ఆ యువతి ఎవరో పాపం అని నేనే రెండు చుక్కల కన్నీరు కూడా పెట్టుకున్నాను.

ప్రాస సారు చదివి మురిసిపోయారు. రెండు వేల కాగితాలు అచ్చేయించి, తన బట్టల కొట్లో చీర కొన్నవాళ్ళకీ లుంగీ కొన్నవాళ్ళకీ సంచీలో ఒకటి వేసి పంపారు. కాగితం పైన పెద్దక్షరాలతో “ఎవరి తోడూ అక్కరలేదు, మీ అంతట మీరే నడవండి” అని ఉంది. వారం రోజులు ఎవరూ నడవలేదు. నేను నిశ్చింతగా ఉన్నాను.

ఆ బుధవారం రెండో పీరియడులో ఏడో తరగతి గుమ్మంలో ఒక మామ్మగారు ప్రత్యక్షమయ్యారు. పొట్టిగా, గట్టిగా, ముక్కుకి రెండువైపులా పుడకలతో, ఒక చేతిలో ప్రాస సారు కొట్లో కొన్న తువ్వాళ్ళ సంచీ, ఇంకో చేతిలో నా కాగితం. కవి తాతగారి భార్య. పుట్టినిల్లు మాచర్ల వైపు, మాట రాయి విసిరినట్టుంటుంది. ఆవిడ వెనకాల, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొడుగు పట్టుకుని, సన్మానానికి వచ్చినట్టు నవ్వుతూ కవి తాతగారు.

“ఏమే పిల్లా, ఇది రాసింది నువ్వేనంటగా?”

“అవునండీ మామ్మగారూ.”

“పద.”

“ఎక్కడికండీ?”

“ఈయన ఎక్కడెక్కడ తిరిగాడో అక్కడికి. యాభై ఏళ్ళ నుంచి వండి పెడతన్నా, నాకు తెలీని చోట్లు ఐదున్నయ్ ఇందులో.”

ఇంతలో ప్రాస సారు పరిగెత్తుకొచ్చారు. “ఆహా! తొలి యాత్రికురాలు సాక్షాత్తూ కవిగారి ఇల్లాలు! టీచరుగారూ, మీకు పూట పర్మిషను, దగ్గరుండి చూపించండి” అన్నారు. ఎవరి తోడూ అక్కర్లేదని అచ్చేశాం కదా సార్ అందామనుకున్నాను. మామ్మగారి కళ్ళు చూసి మానేశాను.

మొదట కోర్టు ఎదురు టీ కొట్టు. మామ్మగారు భర్త మోచెయ్యి పట్టుకుని నడిపించిన తీరు చూసి, కోర్టు వాకిట్లో ఉన్న కానిస్టేబులు ఏదో కేసనుకుని దారిచ్చాడు. కొట్టు ముందు నిలబడి ఆవిడ కాగితం విప్పి గట్టిగా చదివారు. “పదకొండు టీలా? షుగరు మనిషివి, పదకొండు టీలు తాగావా ఇక్కడ?”

నేను కళ్ళు మూసుకున్నాను. తాతగారు “లేదే” అంటారు, ఈ కథ ఇక్కడితో ఐపోతుంది, రేపట్నుంచి నాకు ఉద్యోగం ఉండదు అనుకున్నాను. కానీ టీ కొట్టు బాబాయి గ్లాసులు కడగడం ఆపి, “అవును పిన్నీ, మా నాయన పోసేవాడంట. చానా సార్లు చెప్పాడు” అన్నాడు. (ఈ మనిషిని నేను జన్మలో పలకరించలేదు. ఆయనంతట ఆయనే వచ్చి నా అబద్ధంలో కూర్చున్నాడు.) అంతకన్నా చిత్రం, తాతగారు గొంతు సవరించుకుని, “పదకొండు కాదులే, తొమ్మిదుంటయ్” అన్నారు.

నేను కళ్ళు తెరిచి ఆయనవైపు చూశాను. ఆయన నావైపు చూడలేదు. టీ కొట్టు చూరుకేసి దూరంగా చూస్తున్నారు, అచ్చం నేను ఊహించుకున్న కవిలాగే.

తర్వాత స్టేషను. ఎండ మాడుతోంది. బెంచీ మీద ఒక మేక పడుకునుంది. దాన్ని అదిలించి మామ్మగారు బెంచీ పరీక్షించారు. “ఆదివారం మధ్యాహ్నాలా? ఆదివారం ఆఫీసులో ఫైళ్ళు సర్దాలని కదయ్యా పోయేవాడివి?”

“సర్దేవాణ్ణి. సర్దినాక ఇటొచ్చేవాణ్ణి.”

“ఈ బెంచీకా?”

“ఈ బెంచీకే. ఇదిగో, ఈ మూల కూర్చునేవాణ్ణి.” ఆయన ఆ మూల ప్రేమగా నిమిరారు. ఆయన చెయ్యి తీయగానే కింద దాత పేరూ, వేయించిన సంవత్సరమూ బయటపడ్డాయి. బెంచీ వేసి ఏడాది కూడా కాలేదు.

మామ్మగారు దాన్ని చదివి భర్త మొహం చూశారు. “బెంచీ మారుస్తారు కదే, చోటు మారదుగా” అన్నారు తాతగారు. ఆ ధైర్యానికి నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. అదే సమయంలో ఆ మేక నా చేతిలోని కాగితం సగం నమిలేసింది. మామ్మగారి దగ్గరున్న కాపీని కూడా నమిలితే బాగుండునని దానివైపు ఆశగా చూశాను కానీ, దానికి రుచించినట్టు లేదు.

అక్కణ్ణించి పూలబజారు. దారి పొడుగునా తాతగారు హుషారుగా ఏదో రాగం తీస్తూ నడుస్తున్నారు. పూలకొట్టు ముందు మామ్మగారు ఆగి, ఈసారి గట్టిగా చదవలేదు. చిన్నగా, మాట మాట విడదీసి చదివారు. ‘నీలిచీర’ దగ్గర ఆగారు.

“నాకు నీలిచీర ఎప్పుడూ లేదు” అన్నారు. “మా అమ్మకి ఆ రంగు గిట్టదు, పెళ్ళిలో కూడా పెట్టలేదు.” తర్వాత, “ఎవరయ్యా ఆ పిల్ల?” అన్నారు.

తాతగారు ఇప్పుడైనా ఆగాలి కదా. ఆగలేదు. పొద్దుట్నుంచీ రుచి మరిగారాయె. “నీలం కాదేమో... ముదురాకుపచ్చ అనుకుంటా” అన్నారు, గుర్తు తెచ్చుకుంటున్నట్టు మొహం పెట్టి.

పూలకొట్టామె స్టూలు జరిపితే మామ్మగారు దానిమీద కూర్చుని, తువ్వాళ్ళ సంచీ ఒళ్ళో పెట్టుకుని, నేలకేసి చూస్తూ ఉండిపోయారు. ఆవిడ తిట్టినంతసేపూ నేను తట్టుకున్నాను. కొట్టినా తట్టుకునేదాన్నేమో. ఆ కూర్చోవడం మాత్రం తట్టుకోలేకపోయాను. ఉగాది, పర్మనెంటు ఉద్యోగం, ప్రాస సారు అన్నీ ఒకదాని వెనక ఒకటి కళ్ళముందు నుంచి వెళ్ళిపోయాయి. నేను బజార్లో, అంతమంది చూస్తుండగా, ఆవిడ కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చున్నాను.

“మామ్మగారూ, ఏ పిల్లా లేదండీ. టీలు లేవు, రైలు లేదు. కాగితం నిండటానికి అంతా నేనే అల్లానండీ” అని భోరుమన్నాను.

పూలకొట్టామె దండ కట్టడం ఆపేసింది. మామ్మగారు నన్ను చూడలేదు. తల తిప్పి భర్తను చూశారు. “మరి నువ్వేందయ్యా తొమ్మిది టీలన్నావు?”

తాతగారు గొడుగు అటు మార్చారు, ఇటు మార్చారు. “పిల్ల రాసింది చదువుతుంటే బాగుందే” అన్నారు చివరికి. “రైలంట, బెంచీ అంట. నిజంగా అట్టా బతికితే ఎంత బాగుండేదో అనిపించింది. ఎట్టాగూ ఎవరూ అడగరులే అనుకున్నా.”

“నన్ను మించి ఇంకెవరడగాలి!” అన్నారు మామ్మగారు, కానీ అప్పటికే ఆవిడ మూతి ఒక పక్కకు వంకరపోతోంది. కాసేపటికి స్టూలు మీద ఊగిపోతూ నవ్వడం మొదలుపెట్టారు. “ఇదిగో పిల్లా, ఈయన ఎక్కడ రాశాడో నే చెప్తా, రాసుకో. ఎండాకాలం వడియాలు పెట్టి, కాకుల కాపలాకి మేడ మీద కూర్చోబెట్టేదాన్ని. ఈయన పద్యం రాసుకుంటా ఉండేవాడు, కాకులు వడియాలు తినేసేయి. ఆ మొదటి పుస్తకం ఉందే, అది మా ఇంట్లో రెండు వేసంగుల వడియాలు!”

“ఆ మాట నాకెందుకు చెప్పలేదండీ తాతగారూ?” అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

“అదేం బాగుంటదమ్మా, కాగితంలో కాకులూ...” అని ఆయన సిగ్గుపడ్డారు.

మర్నాడు ప్రాస సారుకి నిజం చెప్పాను. రాజీనామా కాగితం కూడా రాసి పట్టుకెళ్ళాను. ఆయన తాపీగా విని, “కల్పన ఉందా, ఉంది. అచ్చుతప్పు ఉందా, లేదు. కవిగారికి కోపమొచ్చిందా, రాలేదు. ఇంక రాజీనామా దేనికి?” అన్నారు. ఉగాదికి నన్ను పర్మనెంటు చేశారు కానీ, సోషలు టీచరు సెలవు పెట్టినప్పుడు మాత్రం ఆ పీరియడు నాకెప్పుడూ వేయలేదు. చరిత్ర నా చేతికిస్తే ఏమవుతుందో ఆయనకు అర్థమైనట్టుంది. టీ కొట్టు బాబాయి మాత్రం ఎంత చెప్పినా వినలేదు. “కవిగారు టీ తాగిన చోటు” అని అప్పటికే బోర్డు రాయించాడు. ఆ బోర్డుకి న్యాయం చేయడానికని తాతగారు రోజూ పొద్దున్నే వెళ్ళి, చక్కెర లేకుండా ఒకటి తాగి వచ్చేవారు.

ఆ బుధవారం నన్ను వాళ్ళు ఊరికే పంపలేదు. ఇంటికి తీసుకెళ్ళి గోంగూర పచ్చడీ అన్నమూ పెట్టారు. ఏడ్చిన మొహంతో నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. చేయి కడుక్కుని బయల్దేరబోతుంటే, తాతగారు వెనకాలే గుమ్మందాకా వచ్చి, లోపలికి ఒకసారి తొంగి చూసి, గొంతు తగ్గించి, “అమ్మాయ్, ఇంకా రెండు మజిలీలకి మనం పోలేదుగా. అక్కడ నేనేం చేశానో కాస్త చదివి పెట్టవా?” అన్నారు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. “చదువే చదువు, నేనూ వింటా” అన్న గొంతు వినిపించింది.

మామ్మగారి దగ్గరున్న కాగితం తీసుకుని, అరుగు మీద కూర్చుని చదివాను. ఊరి చివర చింతతోపులో ఆయన తుఫానులో తడుస్తూ పద్యాలు పాడిన సంగతి, ఫోటో స్టూడియోలో కెమెరావాడికి ఆశువుగా శతకం చెప్పిన సంగతి. తాతగారు కళ్ళు మూసుకుని తలూపుతూ విన్నారు. మామ్మగారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మానికి ఆనుకుని నిలబడి, “తుఫాన్లో తడిస్తే జలుబు చేయదా ఏంది” అని ఒకసారి, “తర్వాతేమైంది?” అని ఒకసారి అన్నారు. ఆ తర్వాత నేను చాలా రాశాను, కొన్ని అచ్చయ్యాయి కూడా. అంత శ్రద్ధగా విన్నవాళ్ళు మళ్ళీ నాకు దొరకలేదు. అరుగు మీద ముక్కు ఎర్రగా చేసుకుని చదువుతున్న ఆ ఇరవై మూడేళ్ళ అమ్మాయిని తలుచుకుంటే ఇప్పటికీ రెండు మొట్టికాయలు వేయాలనిపిస్తుంది. వేసి, పక్కన కూర్చుని, ఇంకొకటి చదవమని అడగాలనిపిస్తుంది.