గంజి పట్టిన కమాను

వానలు మొదలై గాలిలో తేమ చేరగానే నా వయోలా పెట్టెలోంచి పులిసిన గంజి వాసన వస్తుంది. పాఠానికి వచ్చిన పిల్లలు ముక్కు మూసుకుంటారు. మూసుకోనీ.

మరాఠీ ఊళ్ళో మా తెలుగు నేతవాళ్ళ వాడ భవాని పేట్‌లో నా చిన్నతనమంతా ఆ వాసనే. తెల్లవారగానే మా అవ్వ మగ్గానికెక్కించే పడుగును వీధి పొడవునా చాపి, గంజి పట్టించి, వెడల్పాటి కుంచెతో దువ్వేది. అరుగు మీద అమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. పక్క కార్ఖానాలో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, దడదడలాడుతుంటే మేం జొన్నరొట్టెలో పల్లీల కారం చుట్టుకుని ఆ తడి పోగుల కిందనుంచి దూరి పరుగెత్తేవాళ్ళం. బతుకమ్మ నాళ్ళలో మాత్రం నువ్వుల సద్ది తిన్న జిడ్డు చేతులతో అవ్వ మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు.

జోడ్‌భావి పేట్‌లో, బొంబాయి వాద్యబృందాల్లో వాయించి వచ్చిన మాస్టర్ ఉండేవాడు. అందరికీ వయొలిన్ నేర్పుతూ, నా పొడుగు వేళ్ళు చూసి తన వయోలా నాకిచ్చాడు. వయొలిన్ కన్నా పెద్దది, బొంగురు గొంతు. దాన్ని ఇంటికి తెచ్చిన రోజే నాన్న అన్న, మా పెద్దబాపు, వీధంతా వినేలా అడిగాడు: “ఏందే పోరీ, ఫిడేలుకు నీళ్ళు పోసి పెంచినవా?”

ఒకసారి బొంబాయి నుంచి మాస్టర్ పాత మిత్రుడొకాయన అక్కడి వాద్యబృందానికి పిల్లల్ని ఎంచుకోవడానికి వచ్చాడు. వయోలాకు ఒకే చోటు. దొరికితే అక్కడే ఉంచి నేర్పిస్తారు. నా వంతు రాగానే పెట్టె తెరిచి కమాను తీగల మీద పెట్టాను. గరగరమంది తప్ప మోగలేదు. ఆయన కమానుకున్న గుర్రపు వెంట్రుకలు బిరుసెక్కి ఉండటం చూసి వేలితో తట్టి, “హా బ్రష్ ఆహే కా?”, ఇది కుంచెనా, అని నవ్వాడు. వేరే కమాను ఇస్తానని మాస్టర్ అంటుండగానే ఆయన తర్వాతి పిల్లను పిలిచాడు.

సాయంత్రం అవ్వ గుమ్మంలోనే ఎదురొచ్చింది. “పొద్దుగాల జూసిన బిడ్డా, పోగులన్ని సడలినయి. గంజి వెట్టి దువ్విన. ఇగ తెగయి. మంచిగ మోగిందా?”

వాయించడం అయ్యాక కమాను వెంట్రుకలు సడలించి పెట్టాలని అవ్వకేం తెలుసు? వెనక పెద్దబాపు కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. అవ్వ గంజి పెడుతుంటే వద్దనకుండా పక్కనే కూర్చుని చూశాడట.

“మోగిందవ్వా,” అన్నాను.

మాస్టర్ ఆ కమానును మళ్ళీ ముట్టుకోలేదు. పెద్దబాపు మాత్రం ప్రతి పెళ్ళిలోనూ “గంజి ఫిడేలు” అని పిలిచి నలుగురికీ ఆ కథ చెప్పేవాడు. తర్వాత పుణేలో వేరే కమానుతో ఏళ్ళ తరబడి వాయించాను, ఎప్పుడూ వెనక వరసలోనే. పెద్దబాపు పోయాడని కబురొస్తే వెళ్ళలేదు.

ఇప్పుడు మళ్ళీ ఇక్కడికే వచ్చి పాఠాలు చెప్తున్నాను; మా వీధిలో మగ్గాలు లేవు. కార్ఖానాకు తాళం. పడుగు చాపిన చోట ఆటోలు నిలబడతాయి. ఆ కమానుకు కొత్త వెంట్రుకలు వేయించమని పిల్లలంటారు. వేయించను. అవ్వ దువ్విన పోగులు ఈ పేట్‌లో ఇవే మిగిలాయి.