చెవి చూపించుకోవడానికి రాజమండ్రి దాకా

మాఘం చివర మా ద్రాక్షారామం శివరాత్రి తీర్థానికి చెన్నపట్నం నుంచి ఒకాయన ఫోనోగ్రాఫు అనే పాడే యంత్రం తెచ్చాడు. పాట బయటికి వినపడదు. రబ్బరు గొట్టాల చివరలు రెండు చెవుల్లో పెట్టుకుని వినాలి. తీర్థం అయిపోయాక కూడా ఆయన డేరా ఎత్తలేదు. రోజూ బడి వదిలాక నేను అక్కడికే వెళ్లేవాణ్ని. అందులో ఒకామె మంగళహారతి పాడేది. ఆమె గొంతుకీ, కార్తికంలో పోయిన మా ఆవిడ గొంతుకీ పోలిక లేదు. కానీ ఆ గొట్టాలు చెవుల్లో ఉన్నంతసేపూ ఇంకేమీ వినపడేది కాదు. నాకు అదే కావలసి వచ్చింది. పాట సన్నగా ఉండేది కనక గొట్టాలు లోపలికి నొక్కుకునేవాణ్ని. ఊరందరి చెవుల్లో పెట్టి తీసినవీ అవే గొట్టాలని అప్పుడు తోచలేదు.

ముందు కుడిచెవిలో దురద పుట్టింది, తరువాత పోటు. అత్తగారు వెల్లుల్లి కాచిన నూనె పంపిస్తే పోయించుకున్నాను. నాలుగు రోజులకి చీము, జ్వరం వచ్చాయి. ఆ వైపు మాటలు నీళ్లలో మునిగి వింటున్నట్టు ఉండేవి. నేను బడిపంతుల్ని. పిల్లవాడు పద్యంలో ఒక అక్షరం మింగితే నాకు తెలియాలి. తెలియకపోతే బడిలో నాకు పని లేదు.

మామగారికి చూపు ఆనదు. నాకు తల తిరుగుతోంది. అందుకని అత్తగారు తోడు బయలుదేరారు. మా ఇళ్లలో అత్తగారు అల్లుడితో ఎదురుగా మాట్లాడరు. ఆవిడ మాట ఇన్నాళ్లూ మా ఆవిడ నోటి మీదుగా నాకు చేరేది.

కోడికూత వేళకి కాలువ రేవులో పడవ ఎక్కాం. కేవు, అంటే పడవ బాడుగ, రేవులోనే పుచ్చుకుంటారు. చాప, మంచినీళ్ల చెంబు ఎవరివి వారే తెచ్చుకోవాలి. వేసవిలో కాలువలు కట్టేస్తారు కనక వెళ్లదలచినవారు ఆలోపే వెళ్లాలి. గాలి ఉన్నంతసేపు తెరచాప మీద, లేనప్పుడు గట్టు మీద మనుషులు తాడు లాగగా పడవ సాగింది. ఎండుచేపల గంప పక్కన పెట్టుకున్న మా ఊరామె నా తలకట్టు వంక చూసింది.

"ఏంటండీ పంతులుగారూ, చెవికి అంత గుడ్డ చుట్టారు? విన్న పాటలు కారిపోకుండానా?"

పడవంతా నవ్వింది. నేనూ నవ్వాను. చాలా రోజులకి.

అత్తగారు పడవ నడిపే సరంగుని పిలిచారు. "సరంగూ, ఆయన్ని గాలికి ఎదురుగా కూచోవద్దని చెప్పు."

"గాలికి ఎదురుగా కూచోవద్దంటున్నారండి అమ్మగారు!" అని అతను అరిచాడు. కాసేపటికి పెరుగన్నం తినమని చెప్పమన్నారు, తరువాత పడుకోమని చెప్పమన్నారు. సరంగు విసిగిపోయాడు. "అమ్మగారూ, వారు మీ పక్కనే ఉన్నారండి. నేను చుక్కాని పట్టుకోవాలా, మీ మాటలు మొయ్యాలా?"

కడియం లాకు దగ్గర తలుపులు మూసి నీరు మట్టానికి వచ్చేదాకా ఆగాం. దీపాల వేళకి ధవళేశ్వరం చేరి సత్రంలో దిగాం. పొద్దున్నే ఎద్దుబండి మీద రాజమండ్రి వెళ్లాం. గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులు. రాళ్ల బళ్లతో దారంతా దుమ్ము. చెవి బాధ ఉన్నవారు దూది అడ్డం పెట్టుకోవడం మంచిది.

ఆసుపత్రిలో పొద్దుటిపూటే చూస్తారు. డాక్టరుగారు నుదుటికి అద్దం కట్టుకుని వెలుతురు చెవిలోకి తిప్పి చాలాసేపు చూశారు.

"ఏం పోశారు ఇందులో?"

అత్తగారు గుమ్మం వైపు తిరిగి, "వెల్లుల్లి నూనె. మా అమ్మ పోసేది, నేనూ పోయమని పంపానని చెప్పు" అన్నారు. గుమ్మంలో ఉన్న కాంపౌండరు కంగారుపడ్డాడు. "ఎవరికి చెప్పమంటారండి?"

డాక్టరుగారు కోప్పడలేదు. "చీము కారే చెవిలో నూనె పోయకూడదమ్మా. పొరకి చిల్లు ఉంటే లోపలికి దిగుతుంది" అన్నారు. నాతో చెప్పినదాన్ని చదివేవారి కోసం రాస్తున్నాను. "గొట్టాల వల్ల దురదో నొప్పో వస్తే వెంటనే వాటిని మానేయండి. పుల్లలు, ఈకలు పెట్టి తిప్పకండి. రెండు రోజుల్లో తగ్గకపోతే చూపించుకోండి. చీము, జ్వరం, తల తిరగడం, వినికిడి మందగించడం, చెవి వెనక వాపు, వీటిలో ఏది కనపడినా ఆ రోజే రావాలి."

సత్రంలో ఉంటూ రోజూ వెళ్లి చెవి కడిగించుకున్నాను. పోటు తగ్గింది, జ్వరం పోయింది. వినికిడి సంగతి మాత్రం తేలలేదు. వాపు తగ్గాక కూడా మెల్లని మాట వినపడకపోతే చెన్నపట్నం పంపవలసి వస్తుందని డాక్టరుగారు ముందే అన్నారు.

ఆ పరీక్ష రోజున నన్ను కళ్లు మూసుకోమన్నారు. కాంపౌండరు నా ఎడమచెవి అరచేత్తో గట్టిగా మూశాడు.

"అమ్మా, మీరు ఆ తలుపు దగ్గర నుంచుని మెల్లిగా ఒక మాట అనండి. ఆయనకి తెలిసిన గొంతైతే మంచిది."

"అల్లుడితో నేను మాట్లాడనండి."

"ఆయనతో కాదు, గాలిలోకి అనండి."

తరువాత వెనకనుంచి ఒక పేరు వినపడింది. మా ఆవిడ పేరు.

"ఏం వినపడింది?" అన్నారు డాక్టరుగారు.

మా ఇళ్లలో భార్య భర్త పేరు పలకదు, భర్తా భార్యను పేరు పెట్టి పిలవడు. కాపురం చేసినన్నాళ్లూ ఆ పేరు నేను ఒక్కసారి కూడా పైకి అనలేదు.

"వినపడలేదా? అయితే చెన్నపట్నం రాయాలి" అంటున్నారు ఆయన. గొంతులో నిరాశ తెలుస్తోంది. "అమ్మా, ఇంకొక్కసారి అనండి."

అత్తగారు మళ్లీ అదే పేరు అన్నారు. వేరే మాట తోచలేదో, వేరే మాట అనదలచుకోలేదో నాకు తెలియదు.

"సుభద్ర" అన్నాను.

"శభాష్! చివరి వత్తు కూడా పట్టుకున్నారు!" అని డాక్టరుగారు నా వీపు తట్టారు. ఆ పేరు ఎవరిదో ఆయనకి తెలియదు. నేను కళ్లు తెరిచేసరికి అత్తగారు కొంగుతో ముఖం తుడుచుకుంటున్నారు. ఆ డాక్టరుగారికీ, రోజూ ఓపిగ్గా చెవి కడిగిన కాంపౌండరుకీ నమస్కరించి వచ్చాను. చెవి బాగుపడినందుకే కాదు. ఆ పేరు నా చేత పలికించినందుకు కూడా.

మర్నాడు ధవళేశ్వరంలో పడవ ఎక్కాం. దిగువకి వెళ్లే పడవ కనక తాడు లాగే పని తక్కువ. రెండు గట్ల మీదా మినపచేలు పచ్చగా ఉన్నాయి. అత్తగారు ఈసారి సరంగుని పిలవలేదు. నీళ్లకేసి చూస్తూ, "చిన్నప్పుడు దానికీ చెవిపోటు వచ్చేది. నొప్పి అని చెప్పేది కాదు, మీలాగే" అన్నారు.

"సుభద్రకా?"

"ఆఁ, సుభద్రకే. ఆ చెవి నా పొట్టకి ఆనించుకుని పడుకునేది."

అది నాకు తెలియదు. ఇంకా చాలా సంగతులు తెలియవని ఆ పూట తెలిసింది. ఒకదాని తరువాత ఒకటి చెప్పుకుంటూ వచ్చారు. లాకు దగ్గర పడవ ఆగింది. తలుపుల సందుల్లోంచి నీళ్లు హోరుమని దూకుతుంటే ఒక మాట నాకు అందలేదు.

"మళ్లీ చెప్పండి అత్తయ్యగారూ" అన్నాను.

ఆవిడ కొంచెం దగ్గరికి జరిగి మళ్లీ చెప్పారు.