దారిచ్చే సెంటర్

మా బామ్మర్ది ఆరడుగుల నాలుగంగుళాలు. మేనమామ కొడుకు. మిర్యాలగూడలో ఇంటర్ చదువుతూ బాస్కెట్‌బాల్ టీములో సెంటర్ ఆడతాడు. సెంటర్ అంటే రింగు కింద నిలబడి, వచ్చిన బంతిని పట్టుకోవాలి, వచ్చిన మనిషిని ఆపాలి. మొదటి పని మావాడికి వచ్చు.

నాది కోదాడ. ఒకప్పుడు కాలేజీ టీములో ఆడాను. బెంచీ మీద కూర్చోవడం కూడా ఆటలో భాగమే కాబట్టి ఆడాననే చెప్పుకుంటాను. ఆ అర్హతను నమ్మి మామ ఫోన్ చేశాడు.

"అల్లుడా, ఆదివారం సూర్యాపేటల స్పోర్ట్స్ హాస్టల్ సెలెక్షన్లంట. జర వచ్చి వానికి నాలుగు ముక్కలు చెప్పు. తీసుకుంటే తిండి, సదువు హాస్టలోళ్ళే సూస్కుంటరు."

"తీసుకోకపోతే?"

"సోమవారం నుంచి మిల్లుకు పోతడు."

మామ రైస్ మిల్లులో హమాలీ. ఈమధ్యే నడుము పోయింది. దవాఖానలో ఒక బెల్టు ఇచ్చి, ఇక బస్తా ఎత్తొద్దన్నారు. బస్తా ఎత్తకుండా హమాలీ ఎలా బతకాలో మాత్రం చీటీలో రాయలేదు. ముఠా మేస్త్రి చెప్పింది ఇంకా సూటిగా ఉంది: సోమవారం ఆ ఇంటి నుంచి ఒక మనిషి రాకపోతే ఆ జాగా ఇంకొకరికి. కొడుకు సెలెక్ట్ అయితే జాగా పోయినా పర్వాలేదని, అత్తా తనూ టీ కొట్టు పెట్టుకుంటామని మామ అన్నాడు. మామకు టీ కాయడం రాదు.

మొదటి రోజు గ్రౌండులో వాణ్ణి చూశాను. వీపు గోడలాంటిది. రింగుకు తగిలి వెనక్కొచ్చే బంతి కోసం వాడి వెనక నిలబడితే, బంతి సంగతి అటుంచి ఆకాశం కూడా కనబడదు. బంతి పట్టుకుంటే బత్తాయి బేరం చేస్తున్నవాడిలా ఉంటాడు, అంత పెద్ద చేతులు. దగ్గర నుంచి వేస్తే తప్పడం అరుదు. ఇంతవరకూ బాగుంది.

కానీ ఎదుటివాడు బంతితో వేగంగా రింగు మీదికొస్తే మావాడు పక్కకు జరుగుతాడు. భయంతో కాదు, మర్యాదగా. బస్సులో ముసలమ్మకు సీటిచ్చినట్టు.

"ఎందుకు జరుగుతున్నవ్‌రా?"

"ఏమో బావా. కాళ్ళు వాటంతటవే పోతున్నయ్."

"అయితే కాళ్ళనే అడగాల్నా?"

"ఆంధ్ర బార్డర్ కోదాడోనివి గద, అండీ అండీ అని అడుగు, చెప్తయ్."

అరిచాను, బతిమాలాను, కుర్చీ వేసి అక్కడి నుంచి కదలొద్దన్నాను. చివరికి నేనే బంతితో మీదికి పరుగెత్తాను. తప్పుకుని, "పైలం బావా" అన్నాడు. గురువారం వచ్చేసరికి నాకు అన్నం రుచించడం మానేసింది. తిన్నాననుకోండి.

ఆ రోజే, మేస్త్రిని ఇంకో వారం గడువు అడుగుదామని ఇద్దరం మిల్లుకు వెళ్ళాం. లారీకి వేసిన చెక్క పక్కన నిలబడి నేను మాట్లాడుతుంటే వెనక నుంచి కేక.

"ఓ పిల్లగా! బస్తా వస్తుంది, కనబడ్తలేదా? జరుగు!"

జరిగాను. మావాడు ఆ కేకకు ముందే జరిగి ఉన్నాడు. మేస్త్రి గడువు ఇవ్వలేదు. "లారీ ఆగుతదా మీ ఆట కోసం?" అన్నాడు. కానీ నా మనసు అప్పటికే మావాడి కాళ్ళ మీదుంది. సెలవులన్నీ వాడు తండ్రితో ఇక్కడే బస్తాలు మోశాడు. ఇక్కడ దారి బరువున్నవాడిది. ఖాళీ చేతులవాడు తప్పుకోవాలి, లేకపోతే ఇద్దరి నడుములూ పోతాయి.

బయటికొచ్చాక వాడికి ఇదే చెప్పాను.

"అవు బావా. బంతి ఉన్నోడు బరువుతోని వస్తున్నట్టే అనిపిస్తది."

"అరకిలో చిల్లర ఉంటదిరా అది!"

"కాళ్ళకేం తెల్సు?"

మిగిలిన రెండు రోజులూ ఒకటే పాఠం. ఎదుటివాడి చేతిలో ఉన్నది ఉత్త గాలి, బస్తా నీ నెత్తి మీదుంది, తప్పుకోవాల్సింది వాడు. ఇలా చెబుతూ వాడి మీదికి పరుగెత్తి పడ్డాను. శనివారానికి వాడు కొంచెం నేర్చుకున్నాడు, నా పక్కటెముకలు చాలా నేర్చుకున్నాయి.

సూర్యాపేటలో ఆదివారం మావాడు వచ్చిన ప్రతి బంతినీ పట్టాడు, వచ్చిన ప్రతివాడికీ దారిచ్చాడు. నా గొంతు పోయింది. ఆఖర్లో ఒక్కసారి నిలబడ్డాడు. కదల్లేదు. మీదికొచ్చినవాడు గుద్దుకుని వెల్లకిలా పడ్డాడు, విజిల్ మాకే అనుకూలంగా మోగింది. నేను గాల్లోకి ఎగిరి దిగేసరికి, మావాడు పడ్డవాణ్ణి చంకల కింద పట్టి లేపి, దుమ్ము దులిపి, "తాకిందా అన్నా?" అంటున్నాడు. ఆ తర్వాత వచ్చినవాడికి మళ్ళీ దారిచ్చాడు.

సెలెక్షన్ సార్లలో ఒకాయన నన్ను పిలిచారు. "ఎత్తుంది, చేతులు బంగారం. కానీ డిఫెన్సు ఒక్కసారే చేసిండు. స్టాండ్‌బైల పెడుతున్నం."

సెలెక్ట్ అయిన సెంటర్ మోకాళ్ళ వైపు చూశాను. చిన్న బెణుకు చాలు దేవుడా, పెద్దదేమీ వద్దు అనుకున్నాను. కుర్రాడు రెండు కాళ్ళ మీదా చక్కగా నడిచి వెళ్ళిపోయాడు.

మామకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"స్టాండ్‌బై, మామా."

"అంటే అయినట్టా, కానట్టా?"

"ఎవడన్న చేరకపోతే వారం పది రోజులల్ల పిలుస్తరు."

"మేస్త్రి అన్ని రోజులు ఆగడు గద. నేను పోత తియ్. బెల్టు కట్టుకొని మోస్త. వాణ్ణి ఆడుకోనియ్."

బామ్మర్ది ఫోన్ లాక్కున్నాడు. "నాయనా, నువ్వు మంచం దిగితే వాళ్ళు పిలిచినా నేను పోను. రేపు మిల్లుకు నేను పోతున్న."

"అరేయ్, ఇను..."

"ఇన."

"నేను చెప్పేది..."

"ఇన అంటున్న గద."

లైను కట్ కాలేదు. అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.

"తిన్నరా మీరు?" అన్నాడు మామ.

సోమవారం వాడు మిల్లుకు వెళ్ళాడు. సార్లకు ఇచ్చింది వాడి నంబరే. బస్తాల కింద నలిగిపోతుందని ఫోన్ నాకిచ్చి వెళుతున్నాడు. నేను కోదాడ వెళ్ళకుండా ఇక్కడే ఉన్నాను. ఆ ఫోన్ మోగితే చాలు, అత్త పొయ్యి దగ్గర నుంచీ మామ మంచం మీద నుంచీ నా మొహం వైపు చూస్తారు. పొద్దున కూడా మోగింది. పరుగెత్తి ఎత్తాను. కాలర్ ట్యూన్ పెట్టుకుంటారా సార్ అని ఒకావిడ అడిగింది. వద్దని చెప్పి వెంటనే ఫోన్ పెట్టేశాను. లైను ఖాళీగా ఉండాలి కదా.