కుక్కర్ కూత

దుర్గాంబ అన్నం వండే వేళలోనే మల్లికార్జునరావు మాస్టారు కవిత్వం రాసుకునేవారు. చల్లపల్లిలో పిల్లలకు తెలుగు చెప్పి, పదవీ విరమణ చేసి విజయవాడ చేరిన నాటి నుంచీ అదే వరస. కుక్కర్ కూతకు రాబోయే పాదం కాస్తా చెదిరిపోయిందని ఆయన ఒకసారి విసుక్కున్నారు. ఆనాటి నుంచి ఆమె పొయ్యి దగ్గరే నిలబడి, గరిటె కాడతో కుక్కర్ వెయిట్‌ను కాస్త ఎత్తి, ఆవిరిని మెల్లగా వదిలేసేది.

ఉదయం తన నోటుబుక్కు, మధ్యాహ్నం ప్రెస్సు పని. పెద్దకర్మ నాడు భోజనాలకు వచ్చినవారికి పంచే స్మృతి కార్డుల మీద కవిత ఆయనే రాసిచ్చేవారు. ప్రెస్సు యజమాని సాయిగణేష్‌కు కావలసింది కన్నీరు, అదీ సాయంత్రంలోగా. నోటుబుక్కులోని వాక్యమేదీ ప్రెస్సు గడప తొక్కకూడదని మాస్టారు నియమం పెట్టుకున్నారు. అందులో దుర్గాంబ మీద ఒక దీర్ఘకవిత నెమ్మదిగా సాగుతోంది.

ఆ నియమం ఒక్కసారే తప్పింది. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే బసవపున్నయ్య, తల్లి పోయిన దుఃఖంలో వచ్చి, "అందరికీ వేసేది వద్దండీ. చదివితే మా అమ్మే గుర్తుకు రావాలి" అని బతిమాలాడు. ఆమె ఎటువంటి మనిషని అడిగితే ఏడుపే తప్ప మాట రాలేదు. మాస్టారు కాసేపు కళ్ళు మూసుకుని, తన నోటుబుక్కులోని మాటనే మలిచి రాసిచ్చారు: "మా నిద్ర చెదురునని కుక్కర్ కూతనైనా ఆపిన తల్లీ, ఇంత నిశ్శబ్దం ఎందుకు మిగిల్చావు?"

పెద్దకర్మలో ఏడవని వారు లేరట. ఆ మర్నాటి నుంచి సాయిగణేష్ అడిగినవారికీ అడగనివారికీ అదే వేశాడు. కార్డు చూసి దుర్గాంబ నవ్వింది.

"నా సంగతి వాళ్ళకిచ్చేశారేంటండీ?"

"నీకు ఇంతకన్నా మంచిది రాస్తాలే."

దీర్ఘకవిత మాత్రం ఆ వాక్యం దగ్గరే ఆగిపోయింది. తర్వాతి పేజీలన్నీ ఖాళీ.

కిందటి శ్రావణంలో ఆమె నిద్రలోనే పోయింది. కార్డు కోసం ఆయన తొమ్మిది రోజులు నోటుబుక్కు ముందు కూర్చున్నారు. ఆరిన దీపం, రాలిన పారిజాతం, చుక్కల్లో చేరిన తల్లి: తోచినవన్నీ ఊరందరికీ రాసిచ్చినవే. ఆమెకే చెందిన మాట ఆ కుక్కర్ కూత ఒక్కటే. చివరికి 'మా నిద్ర' ఉన్నచోట 'నా కవిత', 'తల్లీ' అన్నచోట 'దుర్గా' అని మార్చి, దానినే అచ్చుకిచ్చారు.

భోజనాల దగ్గర పక్కింటి వెంకటరత్నమ్మ కార్డు చదివి, ఓదార్పుగానే అంది: "మా అత్తగారికీ ఇదే వేయించామండీ మాస్టారూ. ఎవరికైనా సరిపోతుంది."

అది దుర్గాంబదేనని చెప్పగల సాక్షి దుర్గాంబ ఒక్కతే.

మర్నాటి ఉదయం వంటింట్లో కుక్కర్ కూసింది. కూతురు శాంభవి పరుగున వచ్చి, ఆయన ఒళ్ళో నోటుబుక్కు చూసి నొచ్చుకుంది.

"రాసుకుంటున్నారా నాన్నా? స్టవ్ తగ్గిస్తానుండండి."

"వద్దమ్మా" అన్నారాయన. "కూయనీ."