మావయ్య తీగచుట్ట

నా చిన్నప్పుడు జరిగినదేదైనా చెప్పబోతే చాలు, మా ఇంట్లోవాళ్లకి ఉన్నట్టుండి పనులు గుర్తొస్తాయి. నేను పిల్లిని పులి చేస్తానని వాళ్ల ఫిర్యాదు. దాచడమెందుకు, చేస్తాను. ఆ పులికి మీసాలు కూడా దువ్వుతాను. కాబట్టి ఎంత తీసేసుకోవాలో ముందే తీసేసుకుని చదవండి.

మా మావయ్య సామర్లకోట రైలుస్టేషన్లో తంతి గుమాస్తా. టెలిగ్రాఫు మీట టకటకలాడించి మద్రాసుతో మాట్లాడే మనిషి. ఆ గొప్పతో పెరిగిన ఆయన మీసాలు ద్రాక్షారామం గోపురం ఎక్కి చూసినా కనబడేవి. మా అమ్మమ్మకి మాత్రం ఆ తీగలంటే హడలు. తాతయ్య పోయిన కబురు వాటి మీదే వచ్చింది. అప్పటినుంచి దారిలో తంతి స్తంభం ఎదురైతే, ఆవిడ కాలవలోకి దిగి మెడలోతు బురదలో నడిచి అవతల తేలేది.

ఆ రోజుల్లో అమ్మమ్మ చేతివేళ్లు కొయ్యముక్కల్లా బిగుసుకుపోయి, అన్నం కలుపుకోవడమే కష్టమైంది. దొరలు కీళ్లనొప్పులకి ఎలక్ట్రిసిటీ పట్టిస్తారంటూ మావయ్య ఒక గాజుకుండీ తెచ్చాడు. మైలుతుత్తం నీళ్లలో ఒక రాగిరేకు, ఒక జింకుముక్క, రెండింటినుంచీ చెరో తీగ. ఇంటినిండా చుట్టాలు చేరారు.

"నీ మాట నమ్మి నేను ముట్టుకోను నాయనా," అంది అమ్మమ్మ. "ఒరేయ్ బుజ్జీ, నువ్వు చెప్పు. నువ్వయితే అబద్ధమాడవు."

ఆ ఇంట్లో నాకున్న ఆస్తి అదొక్కటే. మావయ్య కుండీ తీగలు రెండూ నా చేతుల్లో పెట్టాడు. చీమ కుట్టినట్టయినా లేదు. నేను అమ్మమ్మ నెత్తిమీద చెయ్యిపెట్టి, "ఏమీ అవదమ్మమ్మా, నీ మీద ఒట్టు," అన్నాను.

అప్పుడు మావయ్య తువ్వాలు కిందనుంచి ఒక తీగచుట్ట తీశాడు. లోపల లావుతీగ నాలుగైదు వరసలు. దాని మీద పట్టుదారం చుట్టిన సన్నతీగ. దాన్ని విప్పితే కాశీదాకా వెళ్లి, గంగలో మునిగి, తిరిగొచ్చేది. చివర చిన్న ఇనుపనాలుక.

"ఇదేంటి మావయ్యా?"

"సింగారంరా!"

కుండీ తీగల్ని ఆ చుట్టకి తగిలించి, చుట్టనుంచి వచ్చే రెండు ఇత్తడి గొట్టాల్ని అమ్మమ్మకి అందించాడు. ఆవిడ గొట్టాల వంక చూడలేదు. నా మొహంలోకి చూసి పట్టుకుంది.

ఇనుపనాలుక తుమ్మెదలా ఝుమ్మంది. అమ్మమ్మ పెట్టిన కేకకి నిడదవోలులో బయల్దేరబోతున్న రైలు ఆగిపోయింది. వదిలేద్దామన్నా వేళ్లు వదల్లేదు. మావయ్య తీగ లాగేసేదాకా ఆవిడ నన్నే చూస్తూ ఉండిపోయింది. చుట్టాలు పడీపడీ నవ్వారు.

"నన్నెందుకు మోసం చేశావు?" అని ఏడుస్తూ మావయ్య మీద పడ్డాను.

"మోసమేముందిరా వెర్రివాడా! కుండీ అదేగా!" అన్నాడు, మీసం తిప్పుతూ. లావుతీగలో పారే ఎలక్ట్రిసిటీని ఆ నాలుక గబగబా తెంచుతూ, కలుపుతూ ఉంటుందట. తెగినప్పుడల్లా సన్నతీగలో అది ఎన్నో రెట్ల ఒత్తిడితో ఎగిసిపడుతుందట. నిజమే, కుండీ అదే. నేను వేసిన ఒట్టు కూడా నిజమే. మధ్యలో పెట్టే చుట్ట సంగతే నాకు చెప్పలేదు.

కాసేపటికి అమ్మమ్మ తేరుకుని, నన్ను ఒళ్లోకి లాక్కుని, "నాకంటే నీకే గట్టిగా కొట్టిందిరా," అని నవ్వేసింది.

ఇప్పటికీ ఎవరైనా ఏదో ఒకటి నా చేతికిచ్చి "చూడండి, ఏమీ అవదు" అంటే, ఇది అవతలివాళ్ల చేతికి చేరేలోగా మధ్యలో ఏం తగిలిస్తారండీ అని అడుగుతాను. ఒట్టు మాత్రం మళ్లీ వెయ్యలేదు. చెప్పిన నిజాన్ని నమ్మకపోతే ప్రాణం ఉసూరుమంటుంది. కోతలు కోసేవాడికి ఆ బాధ లేదు.

ఇక కల్పించిందేదో చెప్పాలి. మీసాలూ, కాశీ, నిడదవోలు రైలూ నేను సాగదీసినవి. అచ్చంగా కల్పించింది ఒక్కటే. అమ్మమ్మ నవ్వలేదు. ఒళ్లోకీ తీసుకోలేదు. మర్నాడు పాలగ్లాసు తీసుకెళ్లి, "వేడిగా లేవమ్మమ్మా, తాగు," అన్నాను. ఆవిడ చెయ్యి చాచలేదు. మావయ్యని పిలిచి, ముట్టుకుని చూడమంది.